కళ్లకు ఏమొచ్చినా పాత జబ్బు ఖాతాలోనే రాసేస్తారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో కనురెప్పలు వాలిపోవడం మీద వచ్చిన వ్యాసం చదివాను. చదివాను అంటే మా అమ్మాయి చదివి వినిపించింది, ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది. మయస్థీనియా గ్రావిస్ అనే ఈ కండరాల జబ్బు గురించి తెలుగు పేపర్లో అర పేజీ రావడం నేను చూడటం ఇదే మొదటిసారి, అందుకు చాలా సంతోషం, రాసినాయనకు దండం. కానీ ఒక్క వాక్యం మాత్రం నా గొంతులో ముల్లులా దిగింది. ఈ జబ్బులో రెప్పలు వాలతాయి, వస్తువులు రెండుగా కనిపిస్తాయి, క్రమంగా చూపు మందగిస్తుంది అని వేశారు. మొదటి రెండూ నిజమే. మూడోది తప్పు. ఏదో అచ్చుతప్పులాంటిదైతే పోనీలే అనుకునేదాన్ని, నా కుడికన్ను పోయింది సరిగ్గా ఈ తప్పు వల్లే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి.

మాది రేపల్లె దగ్గర. మా ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, కుట్టేదాన్ని అనాలేమో. 2010లో నాకు 27 ఏళ్లు. సాయంత్రం నాలుగు దాటితే ఎడమ రెప్ప బరువెక్కేది, దీపాలు పెట్టే వేళకి కన్ను సగం మూసుకుపోయేది, సూదిలో దారం ఎక్కిద్దామంటే రెండు సూదులు కనిపించేవి, ఏది అసలుదో తెలిసేది కాదు. పొద్దున్న లేస్తే మళ్లీ మామూలే. అందుకే ఎవరూ నమ్మలేదు. పొద్దున్నపూట డాక్టరు దగ్గరికి వెళ్తే ఏముంటుంది చూడటానికి? రెండుసార్లు కళ్లద్దాలు మార్చారు, ఒకాయన పక్షవాతం మొదలవుతోందన్నాడు, ఊళ్లో బలం సూదులు పది పొడిచారు, మా అత్తయ్య తాయెత్తు కట్టించింది. చివరికి ఒక కంటి డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తల ఎత్తకుండా కళ్లు మాత్రం పైకెత్తి సీలింగు వైపే చూస్తూ ఉండమ్మా, రెప్ప కొట్టకు అంది. నిమిషం కూడా గడవలేదు, రెప్ప షట్టరు దిగినట్టు దిగిపోయింది. చేతిరుమాల్లో ఐసుముక్కలు కట్టి మూసిన కంటి మీద రెండు నిమిషాలు పెట్టింది, తీసేసరికి రెప్ప లేచింది. ఇంతే పరీక్ష! పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత రక్తంలో యాంటీబాడీ పరీక్ష, నరానికి చిన్న చిన్న షాకులిచ్చి చూసే పరీక్ష, ఛాతీ సీటీ స్కాన్ అన్నీ జరిగాయి గానీ జబ్బు దొరికింది మాత్రం ఆ ఐసుముక్కలకే.

ఈ జబ్బు ఏంటో మా ఆయన తన భాషలో చెప్తాడు, నాకు అంతకన్నా బాగా చెప్పడం రాదు. వైరు బాగానే ఉంది, బల్బూ బాగానే ఉంది, రెండూ కలిసేచోట లూజు కాంటాక్టు. నరం చివర ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం విడుదలవుతుంది, దాన్ని అందుకునే గుంటలు కండరం మీద ఉంటాయి, మన ఒంట్లో తయారైన యాంటీబాడీలే ఆ గుంటలకు అడ్డం పడి వాటిని పాడు చేస్తాయి. కండరం వాడేకొద్దీ అలసిపోతుంది, కాసేపు విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. కన్ను తిప్పే కండరాలు, రెప్ప ఎత్తే కండరం పగలంతా పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి ముందు అవే లొంగిపోతాయి. ఈ జబ్బొచ్చిన వాళ్లలో సగానికి పైగా మందికి కళ్లతోనే మొదలవుతుంది, వాళ్లలో చాలామందికి తొలి రెండేళ్లలోనే మాట, మింగడం, చేతులు, కాళ్ల దాకా పాకుతుంది. నాకూ అలాగే అయింది, అన్నం నమలడానికి దవడ చేత్తో పట్టుకోవాల్సి వచ్చేది.

కానీ ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇదంతా కండరం గొడవ. కంటి లోపల వెనక తెర, అక్కడి నుంచి మెదడుకు బొమ్మ మోసుకెళ్లే నరం, వీటి జోలికి మయస్థీనియా పోదు. కంటిపాప జోలికీ పోదు. రెప్ప వేలితో ఎత్తిపట్టుకుని ఒక కన్ను మూసుకుంటే రెండో కంటికి అక్షరం ఎప్పటిలాగే స్పష్టంగా కనపడాలి. కనపడలేదా, అది మయస్థీనియా కాదు, వేరే ఏదో వచ్చింది. మీ వ్యాసం రాసినాయన ఈ మాట వేసుంటే బాగుండేది.

మందు గురించి కూడా ఒక ముక్క. పైరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి నా కళ్లు తెరుచుకున్న రోజు ఇంట్లో పండగలా ఉంది. ఈ రకం మందు ఈ జబ్బుకు పనిచేస్తుందని మొదట కనిపెట్టింది మేరీ వాకర్ అనే డాక్టరమ్మ, లండన్‌లో గ్రీనిచ్ దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేసేది. 1934లో ఆవిడ ఆ సంగతి లాన్సెట్ పత్రికకు రాసింది కూడా ఇలాంటి చిన్న ఉత్తరంగానే. నేను ఆవిడంతదాన్నని కాదు, ఎడిటర్లకు రాసే ఉత్తరాలు కూడా ఒక్కోసారి పనికొస్తాయని చెప్తున్నా. అమితాబ్ బచ్చన్‌కి కూడా ఈ జబ్బు ఉందని మా డాక్టరు చెప్తే మా అత్తయ్య మొదటిసారి దాన్ని జబ్బుగా ఒప్పుకుంది.

2012లో హైదరాబాద్‌లో నాకు ఛాతీ ఎముక కోసి థైమస్ గ్రంథి తీశారు. రోగనిరోధక కణాలకు చిన్నప్పుడు బడిలాంటిది ఆ గ్రంథి, ఎవరు మనవాళ్లు ఎవరు పరాయివాళ్లు అని అక్కడే నేర్చుకుంటాయట. మయస్థీనియా వాళ్లలో చాలామందికి అది ఉబ్బి ఉంటుంది, కొందరికి గడ్డ ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ఏడాదికి నా మాత్రలు సగానికి తగ్గాయి, మిషను మళ్లీ తొక్కాను, తొమ్మిదేళ్లు దాదాపు మామూలు మనిషిలా బతికాను. అప్పుడప్పుడూ అలిసిపోయిన రోజున రెప్ప కాస్త వాలేది, అంతే.

2021 అక్టోబర్లో ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నవ్వకండి. ఎవరో తలుచుకుంటున్నారే అని మా ఆడపడుచు, ఏం దొంగతనంగా తిన్నావమ్మా అని మా అమ్మాయి, పంచదార ఒకరు, నిమ్మకాయ ఒకరు. పదకొండు రోజులు ఆగకుండా ఎక్కిళ్లు, వాంతులు, పచ్చి మంచినీళ్లు కూడా ఇమడలేదు. గ్యాసన్నారు, ఎండోస్కోపీ చేశారు, ఏమీ లేదన్నారు. పన్నెండో రోజు వాటంతటవే తగ్గాయి, తగ్గాయి కాబట్టి మర్చిపోయాం. మెదడు కింది కొసన, వెన్నుపాము మొదలయ్యే దగ్గర వాంతిని కంట్రోల్ చేసే చిన్న చోటు ఉంటుందనీ, నాకు రాబోయే రెండో జబ్బు కొందరిలో ముందు అక్కడే తలుపు కొడుతుందనీ తర్వాత తెలిసింది. రోజుల తరబడి ఆగని ఎక్కిళ్లకు, కంటికి సంబంధం ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

నాలుగు నెలల తర్వాత, 2022 ఫిబ్రవరి. ఒకరోజు పొద్దున్నే కుడికన్ను పక్కకి తిప్పితే లోపల ఎక్కడో లాగినట్టు నొప్పి. స్నానం చేసి బొట్టు పెట్టుకుంటున్నా, ఎడమకన్ను మూసుకునే అలవాటు నాకు, ఆ కుడికంటితో చూస్తే కుంకుమ భరిణెలో కుంకుమ ఇటుక పొడిలా ఉంది. పాతదేమో, వెలిసిందేమో అనుకున్నా. ఎడమకంటితో చూస్తే ఎర్రగా నిగనిగలాడుతోంది. అప్పుడు కాళ్లు చల్లబడ్డాయి.

అదే రోజు వెళ్లాను డాక్టరు దగ్గరికి. ఏ ఊరో ఏ ఆసుపత్రో రాయను, ఆయన మంచాయనే, నన్ను ఏళ్లుగా చూస్తున్నాడు, అసలు చిక్కు అక్కడే వచ్చింది. నా ఫైలు అంత లావుంది కదా, పైన మయస్థీనియా అని రాసి ఉంది కదా, నీ పాత జబ్బేనమ్మా మళ్లీ రేగింది, మాత్రలు పెంచు అన్నాడు. కళ్లు వాలలేదు సార్, చూపే తగ్గింది అన్నాను. టెన్షన్ పడకు అన్నాడు. మాత్రలు పెంచాను. కడుపులో మెలిపెట్టి విరేచనాలు, నోటినిండా ఉమ్ము, కంటికి మాత్రం ఏమీ లేదు. మూడోరోజుకి మనుషులు పొగలో నడుస్తున్నట్టు, ఆరోరోజుకి మధ్యలో బూడిదరంగు మచ్చ, తొమ్మిదోరోజుకి ఆ కంటికి కిటికీ ఎక్కడుందో మాత్రమే తెలిసేది. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులే నా ఉత్తరం అంతా.

పదోరోజు పెద్ద ఊరికి వెళ్లాం. అక్కడ పీజీ చదివే కుర్రాడు, మా తమ్ముడి వయసుంటుంది, గది చీకటి చేసి టార్చిలైటు ఈ కంట్లోకి ఒకసారి, ఆ కంట్లోకి ఒకసారి అటూ ఇటూ ఊపాడు. ఎడమకంట్లో వెలుగు పడితే రెండు పాపలూ చిన్నవయ్యాయి, కుడికంట్లోకి తిప్పగానే కుంచించుకోవాల్సింది పోయి విచ్చుకున్నాయట. ఇది కండరం కాదు మేడమ్, నరం అని వాళ్ల పెద్ద డాక్టర్ని పిలుచుకొచ్చాడు. మళ్లీ చెప్తున్నా, ఐసుముక్కలు, టార్చిలైటు. నా రెండు జబ్బులూ దొరికింది వీటితోనే. ఎమ్మారైలు, వేల రూపాయల పరీక్షలు ఆ తర్వాత ఖాయం చేసుకోవడానికి వచ్చాయి.

ఆ రెండోదాని పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా, పొట్టిగా ఎన్ఎంఓ. ఫ్రాన్స్‌లో లియాన్ ఊళ్లో దేవిక్ అనే డాక్టరు, ఆయన శిష్యుడు కలిసి 1894లోనే దీన్ని వర్ణించారు. అయితే చాలాకాలం దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల పైతొడుగు దెబ్బతినే ఇంకో జబ్బులో ఒక రకం అనుకున్నారు. 2004లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు దీనికి ప్రత్యేకమైన యాంటీబాడీ ఉందని కనిపెట్టారు, మరుసటేడు అది దేనిమీద పడుతోందో తేల్చారు, ఆక్వాపోరిన్-4 అని, మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఉండే కొన్ని కణాల మీద నీళ్లు అటూ ఇటూ పోయే సన్న తూము లాంటిది. యాంటీబాడీ వచ్చి ఆ తూముల మీద పడితే మంట పుట్టి, కణాలు చచ్చి, పక్కన ఉన్న నరాల పైతొడుగు కూడా పోతుంది. మా ఆయన లెక్కలో ఇది లూజు కాంటాక్టు కాదు, కేబులు లోపలే కాలిపోవడం. లూజు కాంటాక్టయితే బిగిస్తే వెలుగుతుంది. కాలిన కేబులు కాలినట్టే, తొందరగా కరెంటు ఆపితే మిగిలిందైనా మిగులుతుంది.

ఈ ఆక్వాపోరిన్ యాంటీబాడీ ఉన్నవాళ్లలో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది ఆడవాళ్లే. ఒక్కో దాడికి చూపు పోవచ్చు, నడుము కింద చచ్చుబడిపోవచ్చు. మయస్థీనియా, ఎన్ఎంఓ రెండూ ఒకే మనిషికి రావడం అరుదే, కానీ ఏదో కాకతాళీయంగా రావాల్సిన దానికన్నా ఎక్కువగానే వస్తున్నాయని డాక్టర్ల పత్రికల్లో ఉంది. వచ్చినప్పుడు చాలావరకు ముందు మయస్థీనియా, ఏళ్లు గడిచాక ఎన్ఎంఓ, ఎక్కువగా ఆడవాళ్లకి, చాలామందికి అప్పటికే థైమస్ తీసేసి ఉంటుంది. సొంత ఒంటి మీదే తిరగబడటం అలవాటైన రోగనిరోధక వ్యవస్థ ఒక గొడవతో ఊరుకోదు, థైరాయిడ్ మీద పడొచ్చు, కీళ్ల మీద పడొచ్చు, ఇలా నరం మీదా పడొచ్చు.

థైమస్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి, మా అత్తయ్య ఇప్పటికీ ఆ ఆపరేషన్ వల్లే నా కన్ను పోయిందంటుంది. నేనూ డాక్టర్ని అడిగాను. ఆపరేషన్ చేయించుకోని వాళ్లకి కూడా ఈ రెండూ కలిసి వచ్చాయట, ఆపరేషనే కారణమని ఎవరూ తేల్చలేదట. పైగా 2016లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ ట్రయల్లో థైమస్ తీయించుకున్నవాళ్లకి జబ్బు తగ్గిందనీ, స్టెరాయిడ్లు తక్కువ పట్టాయనీ రుజువైంది. కాబట్టి నా ఉత్తరం చదివి ఎవరూ ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు. మా అత్తయ్యతో ఈ విషయం నేను వాదించడం మానేశాను, మీరూ వాదించకండి.

రెండు జబ్బులూ ఒకే ఒంట్లో ఉంటే వైద్యంలో వచ్చే చిక్కులు మీ వ్యాసం రాసినాయనలాంటి వాళ్లు రాస్తేనే బాగుంటుంది, నాకు జరిగింది నేను చెప్తాను. కంటి నరం వాపుకి సెలైన్లో రోజుకి 1 గ్రాము మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ఐదు రోజులు. మామూలు మనిషికైతే ఎక్కించి పంపిస్తారు. మయస్థీనియా ఉన్నవాళ్లకి పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఒక్కసారిగా మొదలుపెడితే తొలి వారం పది రోజుల్లో మయస్థీనియా ముదరొచ్చు, ఊపిరి తీసే కండరాలు కూడా జావగారొచ్చు. అంటే ఒక జబ్బుకి మందు రెండో జబ్బుకి గండం. ఆ పీజీ కుర్రాడు పూటపూటకీ వచ్చి గట్టిగా ఊపిరి పీల్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవాడు. మొదటిరోజు ఇరవై ఎనిమిది దాకా లెక్కపెట్టాను. నాలుగోరోజు రాత్రి పదకొండు దగ్గర ఆగిపోయాను. వెంటనే ఐసీయూకి మార్చారు, ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టారు, అంటే రక్తం బయటికి తీసి యాంటీబాడీలున్న ప్లాస్మా పారేసి రక్తకణాలు తిరిగి ఎక్కించడం, రోజు విడిచి రోజు ఐదుసార్లు. ఇది మాత్రం రెండు జబ్బులకీ పనిచేస్తుంది. ఊపిరి నిలబడింది. కుడికన్ను మొహం ముందు పెట్టిన వేళ్లు లెక్కపెట్టే దాకా వచ్చి ఆగింది. ఎన్ఎంఓలో దాడి వచ్చాక ఈ ప్లాస్మా మార్పిడి ఎంత తొందరగా మొదలుపెడితే చూపు అంత బాగా తిరిగొస్తుందట. నాకు మొదలైంది పదిహేనో రోజున.

ఇంకొక ప్రమాదం తప్పింది, అదీ చెప్పాలి. మొదట ఎమ్మారై చూసి ఎవరో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని రాసిచ్చారు, ఇంటర్‌ఫెరాన్ సూదులు మొదలుపెడదామన్నారు. పెద్ద డాక్టరు రక్తపరీక్ష వచ్చేదాకా ఆగమన్నారు. ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటివి స్క్లెరోసిస్‌కి మందులు, ఎన్ఎంఓకి మాత్రం కీడు చేయొచ్చు. కంటి నరం వాపుతో చూపు బాగా పడిపోయినవాళ్లు, వెన్నుపాములో మూడు వెన్నుపూసల పొడుగున వాపు ఉన్నవాళ్లు ఆక్వాపోరిన్ పరీక్ష, దాంతోపాటు మాగ్ (ఎంఓజీ) అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష అడిగి చేయించుకోండి.

ఇప్పుడు ఆర్నెల్లకొకసారి రిటుక్సిమాబ్ ఎక్కించుకుంటున్నాను. ఇదీ రెండు జబ్బుల్లోనూ వాడే మందే, యాంటీబాడీలు తయారుచేసే వంశంలోని బి కణాల్ని తుడిచేస్తుంది, మొదలుపెట్టేముందు కామెర్ల వైరస్, టీబీ లేవని చూసుకున్నారు. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీన్ని ఇక్కడ తయారుచేసి తెచ్చింది, లేకపోతే మాలాంటి వాళ్లం కొనగలిగేవాళ్లం కాదు. అమెరికాలో రెండు జబ్బులకీ అనుమతి పొందిన కొత్త మందు ఎకులిజుమాబ్ అని ఒకటుంది, దాని ధర విని మా ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక నా రోజు ఎలా గడుస్తుందో వినండి. కుడికన్ను కనపడదు, దాని రెప్ప మాత్రం ఠీవిగా ఉంటుంది. ఎడమకన్ను బాగా కనపడుతుంది, దాని రెప్ప సాయంత్రానికి వాలుతుంది. ఎంత పొందికగా పంచుకున్నాయో చూడండి! పొద్దున్న ఒంటికన్ను, రాత్రికి అరకన్ను. ఒక్క లాభం, ఒక కన్ను పోయాక ఇక వస్తువులు రెండుగా కనపడవు, సూది ఒకటే కనపడుతోంది. మా ఆయన కళ్లద్దాల ఫ్రేముకి లోపలివైపు సన్న తీగ వంచి రెప్ప దాని మీద ఆనేలా అమర్చాడు, అలాంటివి కంటి ఆసుపత్రుల్లో కూడా చేసిస్తారని తర్వాత తెలిసింది. కన్ను పొడారిపోకుండా మధ్యమధ్యలో కళ్లద్దాలు తీసి మూసుకోవాలి, చుక్కలు వేసుకోవాలి.

చుక్కలంటే గుర్తొచ్చింది, మీ వ్యాసంలో లేని ముఖ్యమైన విషయం. మయస్థీనియా ఉన్నవాళ్లకి కొన్ని మందులు విషంతో సమానం, ఆ లిస్టు డాక్టర్లలో కూడా అందరికీ గుర్తుండదు. నీటికాసులకి వేసే టిమోలాల్ చుక్కలు చాలు రెప్పలు వాలిపోవడానికి, కంట్లో వేసిందే కదా ఒంట్లోకి పోతుందా అనుకుంటాం, పోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ మీద అమెరికా మందుల సంస్థ 2011లోనే ఈ జబ్బు వాళ్ల గురించి మందు వివరాల కాగితంలో గట్టి హెచ్చరిక వేయించింది. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు, నరంలోకి ఎక్కించే మెగ్నీషియం, కొన్ని బీపీ మాత్రలు, కీళ్లవాతానికిచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా జాగ్రత్త. మన ఊళ్లలో జ్వరమొస్తే, మూత్రంలో మంటొస్తే ముందు పడేవి వీటిలో సగం. నేను పర్సులో తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి అట్టముక్కలు పెట్టుకుంటాను, నాకున్న జబ్బులు ఇవీ, ఇవ్వకూడని మందులు ఇవీ అని. 2023లో జ్వరమొస్తే మా ఊరి ఆర్ఎంపీ సూది తీసి, నా అట్ట చదివి, మళ్లీ లోపల పెట్టేసి, వదినా నువ్వు గుంటూరు పో అన్నాడు. ఆర్ఎంపీలని అందరూ తిడతారు, నేను మాత్రం ఆ అబ్బాయికి ఒక చొక్కా కుట్టిచ్చాను.

వికలాంగుల సర్టిఫికెట్ సంగతి కూడా రాయకపోతే సగం రాసినట్టే. 2016 చట్టంలో దీర్ఘకాలిక నరాల జబ్బులు కూడా వైకల్యాల జాబితాలో చేరాయి. శిబిరానికి వెళ్తే పొద్దున్న తొమ్మిదికి చూశారు. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 30 శాతం, పింఛనుకి 40 కావాలి. ఆ రెండో కన్ను సాయంత్రానికి మూసుకుంటుందండీ అన్నాను. ఇప్పుడు తెరిచే ఉంది కదమ్మా అన్నారు. వాళ్లని తప్పు పట్టను, వాళ్ల ముందున్న కాగితంలో గంటకో రకంగా మారే జబ్బుకి గడి లేదు. ఇలాంటి జబ్బుల వాళ్లని సాయంత్రం పూట కూడా ఒకసారి పిలిచి చూడమని మీ పేపర్లో ఎవరైనా గట్టిగా రాస్తే బాగుండు. తెలంగాణలో 2018లో, మన దగ్గర 2019లో కంటి వెలుగు పెట్టి లక్షల మందిని కూర్చోబెట్టి అక్షరాలు చదివించారు, అలాంటివి మళ్లీ జరిగితే, సాయంత్రానికి రెప్ప వాలుతోందా, ఎరుపు రెండు కళ్లకీ ఒకేలా ఉందా అని రెండు ప్రశ్నలు కలపడానికి పైసా పట్టదు.

నేను మీనుంచి కోరేది చిన్నది. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. మయస్థీనియాలో రెప్ప వాలుతుంది, రెండుగా కనపడుతుంది, చూపు పోదు అని. కన్ను తిప్పితే నొప్పి, రంగులు వెలవడం, ఒక కంటికి చూపు గంటల్లోనో రోజుల్లోనో పడిపోవడం ఉంటే, పాత జబ్బు ఏదున్నా సరే అదే రోజు కంటి నరం చూడగలిగే ఆసుపత్రికి వెళ్లాలని. రోజుకోసారి ఒక్కో కన్ను మూసి ఎర్రటిది ఏదైనా చూసుకోమని, మన ఆడవాళ్లకైతే కుంకుమ భరిణె చేతిలోనే ఉంటుంది. డాక్టరు కాదంటే, టార్చి ఒకసారి రెండు కళ్లలోకీ ఊపి చూడండి సార్ అని అడగడానికి మొహమాటపడొద్దని. నేను మొహమాటపడ్డాను.

ఈ ఉత్తరం మూడు పొద్దుల్లో చెప్పాను, మా అమ్మాయి ఫోన్లో టైపు చేసింది. భాషలో తప్పులుంటే దిద్దుకోండి. మందుల పేర్లు, అంకెలు మాత్రం మార్చొద్దు, పాత చీటీలన్నీ ముందు పెట్టుకుని దానిచేత రెండుసార్లు చదివించి రాయించాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రేపల్లె దగ్గర నుంచి